‘లీజు కాగితం చూపిస్తే చాలు’ అన్న సలహాను నమ్మకండి

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. అమెరికాలో నిబంధనలు మారాయనీ, పిల్లలు ఎన్నిసార్లు బడి మారినా కొత్త బడి క్రీడా జట్టులో వెంటనే ఆడవచ్చనీ అందులో ఉంది. మంచి జట్టున్న హైస్కూలు పరిధిలో ఒక అపార్ట్‌మెంటు లీజుకు తీసుకుని ఆ కాగితం చూపిస్తే చాలట. పాత బడిలో ఆడిన సంగతి ఫారంలో రాయకపోతే ఎవరూ పట్టించుకోరట. ఒకవేళ ఆపినా కోర్టుకు వెళ్తే అనుమతి వచ్చేస్తుందట. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా టెక్సస్‌లో చెల్లదు. రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాసి ఉండవచ్చు గానీ, నమ్మినందుకు నష్టపోయేది పిల్లలు కాబట్టి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పడం అవసరమనిపించింది.

‘ఎన్నిసార్లు మారినా ఆడవచ్చు’ అన్న మాట కళాశాల క్రీడల నుంచి వచ్చింది. చదువులో అర్హత నిలుపుకున్న క్రీడాకారులు ఎన్నిసార్లు కళాశాల మారినా వెంటనే ఆడవచ్చని, కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2024 ఏప్రిల్‌లో నిర్ణయించింది. హైస్కూలుకు దానితో సంబంధం లేదు. హైస్కూలు క్రీడార్హతకు దేశమంతటికీ వర్తించే నియమమంటూ ఏదీ లేదు. ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిదే. ఫ్లోరిడాలో 2016లో వచ్చిన చట్టం తర్వాత బడి మారిన పిల్లలు చాలావరకు వెంటనే ఆడగలుగుతున్నారు. అందుకని ఫ్లోరిడాలో ఉన్న బంధువుల అనుభవం నిజమే అయినా, డాలస్ దగ్గర ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఉన్న మనకు అది పనికిరాదు. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల పోటీలను నడిపేది 1910లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఏర్పాటు చేసిన యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందరూ యుఐఎల్ అనేది దీన్నే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది లీజు సలహా. వర్సిటీ జట్టులో, అంటే బడి ప్రధాన జట్టులో ఆడాలంటే తల్లిదండ్రులు ఆ బడి పరిధిలో నివసిస్తూ ఉండాలి, లేదా విద్యార్థి ఆ బడిలో కనీసం ఒక పూర్తి క్యాలెండరు సంవత్సరం చదివి ఉండాలి. నివసించడమంటే లీజు మీద సంతకం పెట్టడం కాదు. పాత ఇల్లు ఇంకా చేతిలోనే ఉందా, సామాను ఎక్కడుంది, ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తున్నాయి, కుటుంబమంతా కొత్త ఇంట్లోనే ఉంటోందా అన్నవన్నీ చూస్తారు. పౌరసత్వం ఉన్నవారైతే ఓటు ఎక్కడ నమోదైందో కూడా అడుగుతారు. భార్య, చిన్న పిల్లవాడు పాత ఇంట్లోనే ఉండి, తండ్రీ పెద్ద కొడుకూ రెండు పరుపులతో అపార్ట్‌మెంటులో ఉంటే దాన్ని ఇల్లు మారడమనరు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులిద్దరూ నిజంగానే ఇల్లు మారినా సరే, మారింది ఆట కోసమేనని తేలితే విద్యార్థి కనీసం ఒక ఏడాది వర్సిటీకి అనర్హుడని నిబంధన స్పష్టంగా చెబుతోంది. పాత కోచ్‌తో పొసగక మారడం, బయట శిక్షణ ఇచ్చిన కోచ్ పనిచేసే బడికే వెళ్లి చేరడం వంటివి అనుమానానికి తావిస్తాయి. అలాగని బడి మారిన ప్రతి ఒక్కరికీ ఏడాది పోతుందనుకోవడం కూడా పొరపాటే. ఉద్యోగం మారి, ఇల్లు కొనుక్కుని కుటుంబమంతా తరలివెళ్తే అభ్యంతరం ఉండదు. అనర్హత పడినవారు కూడా జూనియర్ వర్సిటీలో, అంటే బడి రెండో స్థాయి జట్టులో ఆడుకోవచ్చు.

ఇక ఫారం సంగతి. పాత బడిలో ఆడి, 9 నుంచి 12వ తరగతి మధ్య కొత్త బడికి వచ్చినవారు వెనుకటి క్రీడా వివరాల ఫారం ఇవ్వాలి. మా అమ్మాయి టెన్నిస్ ఆడుతుంది. ఇల్లు మారినప్పుడు ఆ ఫారం వంటింటి బల్ల మీద పెట్టుకుని నింపుతుంటే, అందులో ఒక భాగం మా చేతికి రాదనీ పాత బడికి వెళ్తుందనీ నాకు అర్థమైంది. ఈ విద్యార్థికి కోచ్‌తో విభేదాలున్నాయా, ఎవరైనా ఆశచూపి పిలిపించుకున్నారా, ఆట కోసమే మారుతున్నట్టు మీకు అనిపిస్తోందా అని అక్కడి కోచ్‌నే అడుగుతారు. సందేహం వస్తే తీర్పు చెప్పేది డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ. అందులో కూర్చునేది మన జట్టుతో పోటీపడే బడుల తరఫువారే. మనం దాచింది వారి కంట పడకుండా ఉంటుందా? పట్టుబడితే అనర్హురాలిని ఆడించినందుకు జట్టు గెలిచిన మ్యాచ్‌లను కూడా వదులుకోవలసి వస్తుంది. తోటి పిల్లల ముందు ఆ భారం మోయవలసింది పదహారేళ్ల పిల్ల.

అనర్హతతో పోగొట్టుకున్న ఏడాది తిరిగి రాదు. మొదటిసారి 9వ తరగతిలో చేరిన నాటి నుంచి వరసగా నాలుగేళ్లే ఆడే గడువు, తరగతి మళ్లీ చదివినా అది పెరగదు. సెప్టెంబర్ 1 నాటికి 19 ఏళ్లు నిండకూడదన్న నియమం దీనికి అదనం.

కోర్టు విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. తరగతిలో తప్పితే ఆట నుంచి ఆపే నియమం మీద వచ్చిన స్ప్రింగ్ బ్రాంచ్ కేసులో, ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొనడం రాజ్యాంగం కాపాడే హక్కు కాదని టెక్సస్ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అసలు దారులు యుఐఎల్ లోపలే ఉన్నాయి. ఆట కోసమే మారారన్న నిర్ణయం అన్యాయమనిపిస్తే రాష్ట్ర ఎగ్జిక్యూటివ్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. తప్పనిసరి పరిస్థితుల్లో పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా ఉండవలసి వస్తే నివాస నియమం నుంచి మినహాయింపు కోరవచ్చు. లీజు మీద సంతకం పెట్టకముందే కొత్త బడిలో క్రీడలు చూసుకునే అథ్లెటిక్ కోఆర్డినేటర్‌ను కలిసి, ఎందుకు మారుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పి, ఫారం అక్కడే అడిగి తీసుకోండి.