అమాయకత్వం: కావలసిన పదార్థములు, తయారుచేయు విధానము

దేశంలో అమాయకత్వానికి కొరత వచ్చినప్పుడల్లా నీటిరంగుల చిత్రకారులే ఆదుకుంటున్నారు. నవంబరు 14 దగ్గరపడితే చాలు, పసిముఖాల్లో నిష్కల్మషత్వమూ రేపటి ఆశా పొంగిపొర్లుతుంటాయి. ఇంతటి జాతీయ అవసరాన్ని ఎవరి ఇష్టానికి వారికి వదిలేయడం క్షేమం కాదు. ప్రమాణాలు ఉండాలి. ఉన్నాయి కూడా.

అమాయకత్వం హృదయంలో ఉంటుందని కవులంటారు గానీ, కొలిచి చూస్తే అది నుదుటి ఎత్తులో ఉంది. పెద్దవాళ్ల తలకు కళ్లు దాదాపు సగంలో వస్తాయి. నాలుగైదేళ్ల పిల్లలకు ఆ సగం గీతకు కాస్త కిందికి దిగుతాయి. నుదురు పెద్దది, దవడ చిన్నది. కళ్లు పావంగుళం పైకి జరిగాయంటే అమాయకత్వం పోయి అనుభవం వచ్చేస్తుంది. ముక్కు పక్కనుంచి మూతిదాకా నవ్వుగీతలు రెండు గీశారో, యూకేజీ పిల్లాడు తహశీల్దారైపోతాడు. పళ్ల మధ్య కూడా గీస్తే, రిటైరైన తహశీల్దారు.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, 11×15 అంగుళాలు. స్కూలు డ్రాయింగు షీటు మీద ఆశ నిలవదు, రెండో వాష్‌కే (పల్చటి రంగునీళ్ల పూతకే) అప్పడంలా లేస్తుంది. పెన్సిలు హెచ్‌బీ, చెయ్యి తేలిగ్గా. రబ్బరు గట్టిగా రుద్దితే కాగితం మీది జిగురు పూత పోయి, అక్కడ రంగు ఇంకి మచ్చ కడుతుంది. పసిబుగ్గకు మంగు అన్నమాట.

మొదటి వాష్: ఎల్లో ఆకర్ రెండు పాళ్లు, బర్న్‌ట్ సియెన్నా ఒక పాలు, నీళ్లు ధారాళంగా. నుదుటి నుంచి మెడదాకా ఒకే ఊపు. ఫ్యాను ఆపాలి. ఆపకపోతే మే నెలలో కుంచె బుగ్గ దాటేలోపే అంచు ఆరిపోయి, చుబుకం చుట్టూ గట్టి గీత పడుతుంది. బిడ్డకు ఐదేళ్లకే గడ్డం. బుగ్గకు పర్మనెంట్ రోజ్ ఒక్క చుక్క, అదీ కాగితం తడితో మెరుస్తున్నంతసేపే. మెరుపు పోయాక నీళ్ల కుంచె తగిలిస్తే, ఆ నీళ్లు రంగును పక్కకు నెట్టి బుగ్గ మీద కాలీఫ్లవర్ పూయిస్తాయి. దాన్ని దిద్దకూడదు. దిద్దుతారు. దిద్దినకొద్దీ బురద. (ఎలిజరిన్ క్రిమ్సన్ వాడినవారి పిల్లలకు ఎండ పడే హాల్లో కొన్నేళ్లకే రక్తహీనత వస్తుంది. అది వెలిసిపోయే జాతి రంగు.)

ఇక ఆశ. ఇది కంటిపాపలో ఆవగింజంత ఖాళీ కాగితం. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే కాబట్టి ఆశను వెయ్యడం కుదరదు, వదిలిపెట్టాలి. రెండు కళ్లలోనూ ఒకే వైపు. మరిచిపోయి రంగు కొట్టేసినవారు తర్వాత తెల్ల పోస్టర్ కలర్ చుక్క పెడతారు. అది సుద్దలా తేలి, పిల్లాడికి శుక్లాలు వచ్చినట్టుంటుంది.

అసలు చిక్కు మోడల్‌తో. ఐదేళ్ల ప్రాణి కదలకుండా కూర్చునేది ఫోను చేతికిచ్చినప్పుడే. అప్పుడు రెప్పలు సగం వాలి, పెదవులు కొద్దిగా విడి, ముఖంలో ఒక అలౌకిక ప్రశాంతత నెలకొంటుంది. చూసినవాళ్లు ధ్యానమనుకుంటారు. కాకపోతే వెలుగు కిందనుంచి, నీలంగా వస్తుంది: ముక్కు కింద తెలుపు, నుదుట చీకటి, కంట్లో ఆవగింజకు బదులు చిన్న పలక. ఉన్నదున్నట్టు వేస్తే చామనఛాయ మీద నీలం పడి బూడిదరంగు తేలుతుంది, నిష్కల్మషత్వం కాస్తా దెయ్యం సినిమా పోస్టరవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పలకను గుండ్రం చేసి, ఎడమ పక్కనుంచి లేతపసుపు సూర్యోదయం తెప్పిస్తారు.

మిగిలినవి చేతులు. ఫోను తీసేస్తే ఖాళీ. ఆశకు తగిన వస్తువేదో పెట్టాలి: మొక్క, ప్రమిద, పావురం. ఎక్కువమంది పావురానికే మొగ్గుతారు, తెల్లది కనుక రంగు ఖర్చు లేదు. వేళ్లు మాత్రం ఫోను పట్టుకున్నట్టే ఉంటాయి: నాలుగేసి వెనకాల, బొటనవేళ్లు రెండూ ముందుకొచ్చి సరిగ్గా పావురం పీక మీద. చెరిపేద్దామంటే, నీడలకు వాడిన థాలో బ్లూ కాగితానికి పట్టేసింది, స్పాంజితో రుద్దినా వదలదు. ఇక బొమ్మ జోలికి పోరు. కింద రాసుకున్న ‘శాంతి’ కొట్టేసి, ‘పట్టుదల’ అని రాస్తారు.