మహారాజశ్రీ అయస్కాంతపు పిల్లితలుపు గారి సముఖమునకు

మహారాజశ్రీ అయస్కాంతపు పిల్లితలుపు గారి దివ్య సముఖమునకు, నెల్లూరు పెరటి వాకిళ్ళ తరఫున చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

అయ్యా, పెంపుడు పిల్లి వచ్చిపోవడానికి దొడ్డితలుపుకు బిగించే చిన్న ఊగే రెక్క మీరు. పిల్లి మెడబెల్టుకున్న అయస్కాంతపు బిళ్ళ దగ్గరికొస్తేనే గడియ తీస్తారు. మీ అట్టపెట్టె మీద ‘ఫుల్ సెక్యూర్’ అని పెద్దక్షరాల్లో వేయించుకున్నారు. ఎవరికి సెక్యూరో రాయించుకోలేదు. వీధి గండుపిల్లికని మాకు ఆలస్యంగా తెలిసింది. పొయ్యిమీద బొమ్మిడాయిల పులుసు ఉడుకుతుంటే చాలు, ఆ మహానుభావుడు గోడ దిగి మీ ముందు కూర్చుంటాడు. తలతో ఒకసారి తోసి చూస్తాడు. కదలరు. శభాష్! తర్వాత మీ కింది అంచుకు గోరు తగిలించి తనవైపు లాగుతాడు. రెక్క బయటికి లేస్తుంది, కింద సందు పడుతుంది, ముందు తల, వెనకే ఒళ్ళు. మీ గడియ అడ్డుపడేది లోపలికి తోస్తేనే, బయటికి లాగితే కాదు. కొనేముందు మిమ్మల్ని చేత్తో పట్టుకుని, గడియ పడి ఉండగా రెండువైపులా కదిపి చూడాలన్న ఇంగితం మాకుండాల్సింది, అది వేరే సంగతి.

ఇక మీ గుర్తుపట్టే శక్తి. మీకు తెలిసింది అయస్కాంతం ఒక్కటే. అది ఏ మెడలో వేలాడినా రండి రండి అంటారు. పక్కింటివాళ్ళు మీ తమ్ముణ్ణి కొనుక్కుంటే, వాళ్ళ పిల్లికి మా వంటింట్లో మెస్ కార్డు ఇచ్చినట్టే. పైగా ఆ బిళ్ళ మేకులు, గుండుసూదులు అంటించుకుని తిరుగుతుంది, ఇనుప గ్రిల్ దగ్గరికెళితే దానికే అతుక్కుంటుంది. ఎక్కడైనా తగులుకుంటే ఊడిపోయే క్లిప్పున్న బెల్టే కట్టాలి, లేకపోతే పిల్లి మెడకు ఉరి. ఆ క్లిప్పు ఊడిందో, బిళ్ళ గోవిందా. ఇంటిపిల్లి బయట, గండుపిల్లి లోపల. పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలతో పనిచేసే తలుపు, మీ బావగారు, బిళ్ళను కోడ్ అడుగుతాడు కాబట్టి కాస్త నయం. కానీ ఆయనదీ మెడలో బిళ్ళ కొలువే, బిళ్ళ పోతే ఆయనా గుడ్డివాడే.

నాలుగు రకాల గొళ్ళెం ఉండే మామూలు పిల్లితలుపు, ఆ పెద్దాయన, మీకంటే నిజాయితీపరుడు. రానూపోనూ, రావడమే, పోవడమే, బంద్. ఎవర్నీ గుర్తుపట్టనని ముందే చెప్పేస్తాడు. మన పిల్లి రాత్రి లోపలికి రాగానే బంద్‌లో పెడితే పని జరిగిపోతుంది. ‘రావడమే’లో పెట్టి పడుకున్నారా, వచ్చిన వీధిపిల్లికి బయటికి దారుండదు. పొద్దున కర్టెన్ల గతి చూసుకోండి.

మీకు కోపమొచ్చినా చెప్పక తప్పదు, మీ స్థానంలో మైక్రోచిప్పు చదివే తలుపును పెడుతున్నాం. తనకంటూ ఒక నంబరుండే బియ్యపు గింజంత చిప్పును డాక్టరు పిల్లి రెండు భుజాల మధ్య, చర్మం కింద సూదితో పెడతాడు. దానికి సెల్లుండదు, ఊడిపోయే బెల్టూ ఉండదు. ఇప్పుడు చలామణిలో ఉన్నవి 15 అంకెల నంబరువి, 134.2 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పలుకుతాయి. ముందు తలుపు కొని తర్వాత చిప్పు వెతుక్కోకూడదు. చిప్పు పెట్టించి, స్కానరుతో నంబరు చదివించి, ఆ రకాన్ని చదువుతుందని రాసి ఉన్న తలుపే తీసుకోవాలి. చదివే దూరం కొద్ది సెంటీమీటర్లే, అందుకే ముందు చిన్న సొరంగంలా ఉంటుంది. పిల్లి మెడదాకా అందులో దూరాలి. చిప్పు భుజం కిందికి జారితే చదవదు, పిల్లేమో తలుపు ముందు కూర్చుని మనల్ని తిడుతుంది.

ఇందులోనూ రెండు రకాలు. లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే నంబరడిగేది ఒకటి, రెండువైపులా అడిగేది ఇంకొకటి. ఇంట్లో రెండు పిల్లులుండి ఒకదాన్ని బయటికి పంపకూడదంటే రెండోది కావాలి. ఒక్క పిల్లే ఉంటే మొదటిదే మేలు. మన పిల్లి తోక పట్టుకున్నట్టు గండుపిల్లి వెనకే చొరబడుతుంది, గడియ మళ్ళీ పడటానికి కొన్ని క్షణాలు పడుతుంది కదా. మొదటి రకంలో తిని దాని దారిన అది పోతుంది. రెండో రకంలో మన అతిథై ఉండిపోతుంది. గోరుతో లాగే విద్య తెలిసినవాళ్ళను ఆపడానికి కొన్నింట్లో విడిగా సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయడం మర్చిపోవద్దు.

మన దొడ్డితలుపులు చాలావరకు ఇనుప రేకువి. రేకు ఆనుకుని ఉంటే చిప్పును చదివే యాంటెనా మందగిస్తుంది. కాబట్టి రేకులో కంత బాగా పెద్దది కోసి, మధ్యలో ప్లైవుడ్ బిగించి, అందులో తలుపు పెట్టించాలి. గాజు తలుపైతే, టఫెన్డ్ (వేడితో గట్టిపరచిన) గ్లాసును తర్వాత కోయలేరు, ముక్కలవుతుంది. తయారీలోనే కంత చెప్పి చేయించుకోవాలి. తొమ్మిదంగుళాల గోడకైతే సొరంగం ముక్కలు అదనంగా కొనాలి. వాటి అడుగు బయటివైపు కొద్దిగా వాలుగా ఉండాలి, లేకపోతే కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు నీళ్ళు వంటింట్లోకే. ఎత్తు పిల్లి పొట్టను బట్టి పెట్టాలి, మేస్త్రీ సౌకర్యాన్ని బట్టి కాదు. పెరడు రెండు మెట్లు కిందికుంటే బయట ఇటుకల దిమ్మ కట్టించండి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ స్క్రూలే ఆగుతాయి.

మొదట్లో రెక్కను టేపుతో పైకి కట్టేసి ఉంచి, పిల్లి జంకు లేకుండా దాటుతుంటే దించి, ఆఖరున గడియ పెట్టాలి. మొదటి రోజే టప్పున పడే గడియ చూపిస్తే, ఆ తలుపు జోలికే రాదు.

ఇవన్నీ చేసినా, మన పిల్లి నోట్లో పందికొక్కును కరుచుకొస్తే నంబరు సరిపోయిందని తలుపు తీసేస్తుంది. ఆ విషయంలో మీమీద మాకేం ఫిర్యాదు లేదు.

ఇట్లు,
పెరటి వాకిలి కాపలాదారులు

తా.క. కొత్త తలుపుకు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులు వేయండి. ఛార్జింగ్‌వి 1.2 వోల్టులే, వాటితో సెల్లు అయిపోయిందన్న దీపం ముందే వెలుగుతుంది.