పాత బట్టలు అనరాదు

పాత బట్టలను పాత బట్టలు అనే వాళ్ల మీద ప్రభుత్వం ఏదో ఒక చర్య తీసుకోవాలి. ఇది కోపంతో అంటున్న మాట కాదు, పారిశ్రామికవేత్తగా నా అనుభవం. బీకామ్ మూడో ఏడాదిలో నలుగురు మిత్రులం కలిసి కస్టమైజ్డ్ వింటేజ్ దుస్తుల సంస్థ పెట్టాం. దాన్ని మార్కెట్ దెబ్బతీయలేదు, మా అమ్మ దెబ్బతీసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "మావాడు పాత బట్టలమ్ముతున్నాడండీ" అని చెప్పేది. అది విని పక్క ఫ్లాటు పిన్నిగారు జాలిపడి రెండు లుంగీలు ఇచ్చి వెళ్లింది.

వింటేజ్ అంటే అల్లాటప్పా మాట కాదు. ఇరవై ఏళ్లు దాటితే వింటేజ్, వందేళ్లు దాటితే యాంటిక్ అని ఈ వ్యాపారంలో వాడుక. కానీ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కుప్పలోంచి 60 రూపాయలకు లాగిన చొక్కాకి బర్త్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? మా సీఈఓ కాలరు లోపలి మరక చూసి వయసు చెప్పేవాడు. "తొంభైల నాటిది మామా, డౌటే లేదు" అని అలా తేల్చిన ఒక చొక్కా జేబులో మెట్రో టికెట్ దొరికింది. హైదరాబాద్‌లో మెట్రో మొదలైందే 2017లో. టికెట్ పారేసి చొక్కా ఉంచుకున్నాం.

సీఈఓ కాక ఒక క్రియేటివ్ డైరెక్టర్, ఒక బ్రాండ్ హెడ్, లెక్కలు చూసే సీఎఫ్ఓగా నేను. బట్టలుతికే పదవి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. మా మధ్య రాతకోతలేమీ లేవు. మాలాంటి వాళ్లు పుడతారని 1932 నాటి భాగస్వామ్య చట్టం ముందే ఊహించినట్టుంది. ఒప్పందం లేకపోతే లాభం సమానం, నష్టమూ సమానం అని అందులో ఉంది. సంస్థను రిజిస్టర్ చేయకపోతే హక్కుల కోసం భాగస్వాములు ఒకరి మీద ఒకరు దావా వేసుకోలేరనీ ఉంది. స్నేహితుల మేలు ఇంతగా కోరిన చట్టాన్ని నేను చూడలేదు. ఆ మాటకొస్తే, మా దగ్గరున్న వాటిలో పుట్టిన సంవత్సరం రుజువు చేయగలిగిన వింటేజ్ అదొక్కటే.

అదొక్కటే అంటే నాన్న ఊరుకోరు. ఆయన సఫారీ ఉంది.

ముప్పై అయిదేళ్ల కింద కుట్టించుకున్నది, బూడిద రంగు, నాలుగు జేబులు. అమ్మ బీరువా అడుగునుంచి మేం దాన్ని విముక్తం చేశాం. పై గుడ్డ, కింది గుడ్డ ఒకటే కాబట్టి మా బ్రాండ్ హెడ్ దానికి 'వింటేజ్ కో-ఆర్డ్ సెట్' అని పేరు పెట్టి, 1,499 రూపాయల ధర వేసి ఫోటో ఎక్కించాడు. కలరా ఉండల వాసన గురించి 'తరతరాల పరిమళం' అని రాశాడు. వాడికి మంచి భవిష్యత్తు ఉంది. ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి చివరికి నాన్న ఫోన్‌కే వచ్చింది. ఆయన చాలాసేపు చూసి, "ఇది నేనే కదా?" అన్నారు. తిడతారనుకుని తలొంచుకున్నాను. ఆయన ధర చూసి, "మరీ అంత తక్కువా?" అన్నారు. ఇప్పుడు దాన్ని బీరువాలో వేసి తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు.

ఇక కస్టమైజేషన్. మా మొదటి డిజైన్, జీన్స్ జాకెట్టు వీపు మీద చార్మినార్. 1591 నాటి కట్టడం వీపున ఉంటే జాకెట్టు దానంతటదే వింటేజ్ అయిపోతుందని సీఈఓ వాదన. క్రియేటివ్ డైరెక్టర్ రాత్రంతా కూర్చుని గీశాడు. మూడు మినార్లే వచ్చాయి. నాలుగోది ఏదని కస్టమర్ అడిగితే, అది వెనకాల ఉంటుంది, కనబడదు అన్నాడు. (మా బ్రాండ్ హెడ్ కూడా పని రోజుల్లో అంతే.) ఫ్యాబ్రిక్ రంగు ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తేనే నిలుస్తుంది. సీసా మీద ఉంటుంది ఆ సంగతి. మేం సీసా చదివే రకం కాదు. మొదటి ఉతుకుకే మిగతా మూడు మినార్లూ పోయాయి.

నా శాఖ గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చెబుతాను. చొక్కా 60, డ్రై క్లీనింగ్ 120, బొత్తాలు 40, రంగులు 150. మొత్తం 370. అమ్మకం ధర 799 అయినా కొన్నవాళ్లంతా మా క్లాసువాళ్లే కాబట్టి 350కి ఇచ్చాం. అమ్మిన ప్రతి చొక్కాకీ 20 రూపాయల నష్టం. ఈ లెక్క తేలగానే అమ్మకాలు తగ్గించాలని గట్టిగా పట్టుబట్టాను. తగ్గాయి. సంస్థ ఆ తర్వాత మూడు నెలలు బతికిందంటే ఆ ఘనత నాదే.

మిగిలిన సరుకు ఇరవై మూడు చొక్కాలు మా హాల్లో సోఫా మీద ఉండేవి. ఒక మధ్యాహ్నం కింద గేటు దగ్గర "పాత బట్టలకు స్టీలు సామాన్లూ" అని కేక వినబడింది. అమ్మ మొత్తం మూట కట్టి దించింది. వెనకే నేనూ వెళ్లాను, సీఎఫ్ఓ హోదాలో.

స్టీలు సామాన్లావిడ గంప దించి, ఒక్కో చొక్కానీ వెలుతురుకు పట్టి, చంకల దగ్గర లాగి చూసి, రెండు కుప్పలు పెట్టింది. రెండు నిమిషాలు పట్టలేదు. మేం బొమ్మ వేయని తొమ్మిది ఒక పక్క, వేసిన పద్నాలుగు ఒక పక్క.

"గివి వద్దమ్మా. మంచి అంగీలు ఖరాబ్ జేసిన్రు" అంది పద్నాలుగింటినీ నెట్టేసి.

"అది హ్యాండ్ పెయింటింగ్ అమ్మా, కస్టమైజ్డ్" అన్నాను.

"పిల్లలేసిన్రా?" అని అడిగింది అమ్మని, ఓదార్పుగా.

తొమ్మిది చొక్కాలకీ కలిపి మూత లేని డబ్బా ఇస్తానంది. అమ్మ ఆ పిన్నిగారి రెండు లుంగీలు కలిపి, అరగంట బేరమాడి, ఇడ్లీ పాత్ర తీసుకుంది. మా సంస్థ చరిత్రలో నష్టం రాని లావాదేవీ అదొక్కటే.

సాయంత్రం బోర్డు మీటింగ్ జరిగింది. పాత్రలో నాలుగు రేకులు, మేం నలుగురం, చట్ట ప్రకారం తలా ఒకటి. పాత్ర మాత్రం హాలు అద్దె కింద అమ్మ జమ వేసుకుంది. నా రేకు కూడా అందులోనే ఉంది. మిగతా ముగ్గురూ తలా ఒక రేకు బ్యాగులో పెట్టుకుని వెళ్లారు. మర్నాడు పొద్దున్నే సీఈఓ వాళ్లమ్మ మా అమ్మకి ఫోన్ చేసి, ఒక్క రేకుతో ఇడ్లీ ఎలా వెయ్యాలో అడిగింది.