వంతెన మీద గురి

హిరోషిమా నడిబొడ్డున, నది చీలే చోట, ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం ఆకారంలో అయోయి వంతెన ఉంది. 1945 ఆగస్టు 6న అణుబాంబు మోసుకొచ్చిన అమెరికా విమానం ఎనోలా గే గురిపెట్టింది దానికే. ఆ నగరంలో జపాన్ సైనిక కేంద్రం ఉన్న మాట నిజమే. అయినా గురి దాని మీద లేదు. ఆకాశం నుంచి సులువుగా ఆనవాలు దొరికేది, చుట్టూ జనావాసాలు ఉన్నదీ వంతెన. బాంబు కాస్త పక్కకు జరిగి, ఉదయం 8.15కు ఒక ఆసుపత్రి మీద సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది. మూడు రోజుల తర్వాత అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ రేడియోలో మాట్లాడుతూ హిరోషిమాను సైనిక స్థావరమన్నారు.

బాంబుదాడుల్లో మంటలు పాకకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగాలు చేసే పనికి ఆ ఉదయం వేల మంది బడిపిల్లలను తెచ్చారు. వారిలో ఒక పిల్లవాడి అన్నం డబ్బా హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఉంది. కొడుకును వెతుక్కుంటూ వెళ్లిన తల్లికి అతని శరీరం కింద ఆ డబ్బా దొరికింది. పొద్దున ఆమె కట్టిచ్చిన అన్నం తినకుండానే బొగ్గయింది. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో దాదాపు 70,000 మంది చనిపోయారు.

యుద్ధం త్వరగా ముగిసిందనీ, లక్షల ప్రాణాలు దక్కాయనీ నాటి నుంచి నేటి దాకా సమర్థన. జపాన్ దీవి ఒకినావా మీద జరిగిన పోరులో రక్తపాతం చూసినవారు ఆ మాట అంటే కొట్టిపారేయలేం. కానీ అణుదాడులు లేకున్నా ఆ ఏడాది ముగిసేలోపే జపాన్ లొంగిపోయేదని అమెరికా ప్రభుత్వం నియమించిన సర్వే బృందమే 1946లో తేల్చింది. ఆగస్టు 9న సోవియట్ సేనలు మంచూరియాలోకి దిగడంతో సోవియట్ మధ్యవర్తిత్వం ఆశించిన టోక్యోకు సంధి దారీ మూసుకుపోయింది. ఇక నాగసాకి కోసం విడిగా నిర్ణయమే జరగలేదు. బాంబులు సిద్ధమైన కొద్దీ వేయమని జులై 25నే ఆదేశం వెళ్లింది. నాగసాకి మీద బాంబు పడిన ఆగస్టు 9న అసలు లక్ష్యం కొకురా నగరం. మబ్బులు, పొగ అడ్డొచ్చి అది బతికింది, నాగసాకి కాలిపోయింది. ఇందులో ఏ వ్యూహం ఉందో సమర్థకులే చెప్పాలి. ప్రభుత్వాన్ని లొంగదీయడానికి పిల్లలను కాల్చవచ్చని ఒప్పుకుంటే, యుద్ధంలో చేయకూడనిదంటూ ఏమీ మిగలదు.

హిరోషిమా బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు. నేడు అంతటి బాంబును ‘చిన్నది’ అంటున్నారు, యుద్ధభూమికే పరిమితం చేయవచ్చంటున్నారు. భారత సేనలను ఆపడానికంటూ 60-70 కిలోమీటర్లు వెళ్లే నస్ర్ క్షిపణిని పాకిస్థాన్ సిద్ధం చేసుకున్నది ఈ లెక్కతోనే. తొమ్మిది దేశాల దగ్గర అణ్వాయుధాలున్న కాలంలో ఇది కొరివితో తల గోక్కోవడమే. 1945లో తిరిగి కొట్టేవాడు లేడు. ఇప్పుడు మొదటి బాంబు పడ్డాక రెండోది ఎవరిదో, ఎక్కడ ఆగుతుందో ఏ సేనానీ హామీ ఇవ్వలేడు.

ముందుగా అణ్వాయుధం ప్రయోగించబోమని భారత్ 2003లో విధానంగా ప్రకటించింది. భవిష్యత్తులో ఏం జరుగుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందని 2019లో రక్షణ మంత్రి పోఖ్రాన్‌లో అన్నాక ఆ మాట మీద నీడ పడింది. మన మీద అణుదాడి జరిగితే తీర్చుకుంటామని మన విధానం చెప్పే ‘భారీ ప్రతీకారం’ కూడా చివరికి నగరాల మీదే పడుతుందన్న సంగతి మమ్మల్ని కలవరపెడుతోంది. దాని మీద పార్లమెంటులో చర్చ జరగాలి. అంతకంటే ముందు, తొలి ప్రయోగం చేయబోమన్న మాటకు కట్టుబడి ఉన్నామని ప్రధాని అదే సభలో స్పష్టంగా చెప్పాలి.