మద్యానికి మందలింపు, పొగాకుకు మినహాయింపు

క్లోమం (పాంక్రియాస్) వాచి ఆసుపత్రిలో చేరిన రోగికి ఇంటికి వెళ్లేటప్పుడు తప్పకుండా చెప్పే మాట ఒకటి ఉంది: ‘మద్యం ముట్టుకోవద్దు’. సరైన సలహాయే. దాన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అయితే అదే నోటితో బీడీ, సిగరెట్టు, చుట్ట మానాలని చెప్పేవారు ఎందరు? డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క రాసేవారు ఎందరు? రోగి మద్యం మానేస్తాడు, పొగ మానడు. కొన్ని నెలలకో ఏడాదికో పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంటే మళ్లీ అదే వార్డుకు వస్తాడు. దొంగచాటుగా తాగుతున్నాడని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. చొక్కా జేబులో అందరికీ కనిపిస్తున్న పెట్టెను మాత్రం ఎవరూ అనుమానించరు. మద్యం నేరం, పొగ చిన్న అలవాటు అన్న ఈ రెండు కొలమానాల పద్ధతి మీదే మా ఆగ్రహం. ఇది ఒక్క ఆసుపత్రితో ఆగలేదు. ప్రభుత్వ విధానం నిండా ఇదే ద్వంద్వనీతి కనిపిస్తోంది.

ఈ క్లోమం వాపునే పాంక్రియాటైటిస్ అంటారు. ఆహారాన్ని అరిగించాల్సిన ఎంజైములు క్లోమంలోనే చైతన్యం పొంది ఆ గ్రంథినే తినేయడం మొదలుపెడతాయి. పిత్తాశయంలో రాళ్లు, మద్యం ప్రధాన కారణాలు. రక్తంలో కొవ్వు విపరీతంగా పెరగడం, జన్యులోపాలు వంటివి మరికొన్ని. పొగాకును ఈ జాబితాలో చేర్చింది కూడా నిన్న మొన్న కాదు. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ కారణాలను 2001లో నిపుణులు వర్గీకరించినప్పుడే, విషపదార్థాల కింద మద్యంతో పాటు పొగాకునూ చేర్చారు. అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి 2010లో లెక్కగట్టినప్పుడు, మద్యం ప్రభావాన్ని పక్కనపెట్టి చూసినా, పొగతాగేవారికి దీర్ఘకాలిక వ్యాధి ముప్పు దాదాపు రెండున్నర రెట్లని తేలింది. రోజుకు పెట్టెకు మించి కాల్చేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ‘తాగేవాళ్లే పొగ కూడా తాగుతారు, కాబట్టి తప్పంతా మద్యానిదే’ అన్న పాత వాదనకు అప్పుడే కాలం చెల్లింది.

మన దేశం విషయానికి వస్తే ఆ వాదన ఇంకా అసంబద్ధం. 2008లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం 1,086 మంది దీర్ఘకాలిక క్లోమ రోగుల వివరాలు పరిశీలించింది. మద్యం వల్ల వ్యాధి వచ్చినవారు 40 శాతానికి లోపే. సుమారు 60 శాతం మందిలో స్పష్టమైన కారణమే దొరకలేదు. వీరిలో చాలామందికి జన్యుపరమైన బలహీనత ఉంటుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఆ 60 శాతానికీ పొగే కారణమని మేము అనడం లేదు, అది అబద్ధమవుతుంది. కానీ పుట్టుకతోనే బలహీనమైన క్లోమం ఉన్న మనిషి దాని మీద రోజూ పొగ పోస్తుంటే, ‘నువ్వు మద్యం తాగవు కదా, భయం లేదు’ అని పంపించడం వైద్యమా?

అసలు ప్రమాదమంతా వ్యాధి తిరగబెట్టడంలో ఉంది. మొదటిసారి తీవ్ర (హఠాత్తుగా వచ్చే) పాంక్రియాటైటిస్ వచ్చినవారిలో సుమారు అయిదింట ఒకరికి అది మళ్లీ వస్తుంది. ఒక్కసారితో ఆగిపోయినవారు చాలావరకు కోలుకుంటారు. తిరగబెట్టినవారిలో మూడింట ఒక వంతుకు పైగా దీర్ఘకాలిక వ్యాధిలోకి జారిపోతారు. ఆ జారుడులో పొగతాగేవారే ముందుంటారని 2015 నాటి విశ్లేషణ చెప్పింది. జారిపోయాక వెనక్కి దారి లేదు. గ్రంథి గట్టిపడి, సున్నపు రాళ్లు పేరుకుంటాయి. ఇన్సులిన్ తయారుచేసే కణాలు కూడా నశించి షుగరు వస్తుంది. కొవ్వు అరగక మనిషి చిక్కిపోతాడు. భోజనం చేసిన ప్రతిసారీ ఎంజైము క్యాప్సూళ్లు మింగాలి. నొప్పి భయంతో తినడమే మానేసేవారున్నారు. పైపెచ్చు క్లోమ క్యాన్సరు ముప్పు. కూలి పని చేసుకునే ఇంట్లో సంపాదించే మనిషికి ముప్పై అయిదేళ్లకే ఈ గతి పడితే ఆ ఇల్లు ఏమవుతుందో జిల్లా ఆసుపత్రి వరండాల్లో చూడవచ్చు.

ఇంత తెలిసినా పొగాకు గురించి ఎవరూ పెదవి విప్పరు. అమెరికాలో క్లోమ రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనే, పొగతాగే రోగుల్లో సుమారు సగం మంది విషయంలో మాత్రమే వైద్యులు పొగను ముప్పుగా గుర్తించారు. అంత వనరులున్న చోటే అలా ఉంటే, ఒక్కో వైద్యుడు పూటకు వంద మందిని చూసే మన ఓపీల సంగతి ఊహించుకోవచ్చు. పని ఒత్తిడి నిజమే. ‘చెప్పినా మానరు’ అన్న నిస్పృహ కూడా అర్థం చేసుకోదగినదే. అయితే చెప్పడం వృథా అన్నది ఊహ మాత్రమే. ఫిన్లాండ్‌లో మద్యం వల్ల పాంక్రియాటైటిస్ వచ్చినవారిని ఒక్కసారి మందలించి వదిలేయకుండా, ఆరు నెలలకోసారి పిలిచి మాట్లాడితే వ్యాధి తిరగబెట్టడం తగ్గిందని 2009లో రుజువైంది. మద్యానికి పనికొచ్చిన ఆ ఓపిక పొగాకు విషయంలో ఎందుకు కరవైంది? పొగ మానినవారిలో పిత్తాశయ రాళ్లతో సంబంధం లేని తీవ్ర పాంక్రియాటైటిస్ ముప్పు క్రమంగా తగ్గుతుందని, రెండు దశాబ్దాలకు ఎన్నడూ పొగతాగనివారితో దాదాపు సమానమవుతుందని 2012లో స్వీడన్ పరిశోధకులు చూపారు. ఇరవై ఏళ్లు పట్టే పని కాబట్టే మొదటి దాడి నాడే మొదలుపెట్టాలి.

వైద్యులకన్నా పెద్ద దోషి ప్రభుత్వం. ఒక చేత్తో హెచ్చరిక, మరో చేత్తో లాభం. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి అమలుచేస్తున్నది కేంద్రమే. దేశంలో అతిపెద్ద సిగరెట్టు కంపెనీ ఐటీసీలో ఎల్‌ఐసీ ద్వారా, ఇతర సంస్థల ద్వారా భారీ వాటా పెట్టుకున్నదీ ప్రభుత్వ రంగమే. దాని మీద 2017లో బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడినా వాటా చెక్కుచెదరలేదు. ఇక ఆ హెచ్చరిక బొమ్మల్లో క్యాన్సరు ఉంది, బాధాకరమైన మరణం ఉంది, క్లోమం ఊసు లేదు. ఉన్నా విడిగా ఒక్కో సిగరెట్టు కొనేవాడు పెట్టెను చూడడు. బడ్డీకొట్టులో విడి సిగరెట్టు అమ్మకాన్ని దేశమంతటా నిషేధించాలన్న పార్లమెంటరీ సంఘం సిఫారసు 2022 నుంచి అలాగే పడి ఉంది. బహిరంగ ప్రదేశంలో పొగతాగితే 2003 నాటి కేంద్ర చట్టం విధించిన గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. దాన్ని వసూలు చేసే నాథుడూ లేడు.

అన్నింటికన్నా మింగుడుపడనిది బీడీ వ్యవహారం. 2016-17 జాతీయ సర్వే ప్రకారం వయోజనుల్లో సిగరెట్టు తాగేవారు 4 శాతమైతే బీడీ తాగేవారు 7.7 శాతం. అంటే పేదవాడి ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి, క్లోమంలోకి వెళ్తున్న పొగలో సింహభాగం బీడీది. ఆ బీడీ మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి, బీడీ చుట్టే తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. సిగరెట్టును 40 శాతం శ్లాబులో పెట్టి, బీడీకి రాయితీ ఇవ్వడానికి ఆరోగ్యపరంగా ఒక్క కారణం చూపండి. బీడీ పొగ క్లోమాన్ని వదిలిపెడుతుందని ఏ వైద్యశాస్త్రం చెప్పింది?

నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే లక్షలాది మహిళల బతుకు ఏం కావాలని అడుగుతారు. నల్ల బర్లీ రకం పొగాకు కొనేవారు లేక 2025లో అల్లాడిన బాపట్ల, పల్నాడు రైతుల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నలే. ఆ రైతు పంటను రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ కొనడాన్ని మేము తప్పుపట్టడం లేదు. బీడీ కార్మికురాలికి తెలంగాణ ఇస్తున్న జీవనభృతిని తప్పుపట్టడం లేదు. వారికి వేరే ఉపాధి, వేరే పంట చూపించడం ప్రభుత్వ బాధ్యత. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు నడుపుతున్నవారు ఆ పని ఇన్నేళ్లలో ఎంత చేశారో చెప్పాలి. కార్మికురాలి పేరు చెప్పి బీడీ పన్ను తగ్గిస్తే ఆమె కూలి పెరగదు. ఆమె భర్త తాగే బీడీ చవకవుతుంది.

ఇదే ద్వంద్వనీతి ఆరోగ్య పథకాల్లోనూ ఉంది. క్లోమం కుళ్లి ఐసీయూలో పడితే, రాళ్లు తీసి నాళాన్ని పేగుకు కలిపే పెద్ద ఆపరేషను చేయాల్సి వస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ డబ్బు కడతాయి. కట్టాలి కూడా. ఆ రోగి చేత పొగ మాన్పించడానికి మాత్రం ఆ ప్యాకేజీల్లో చోటేది? ఐసీయూ బిల్లుతో పోలిస్తే అది లెక్కలోకి రాని ఖర్చు. నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను 2022లో అత్యావశ్యక ఔషధాల జాతీయ జాబితాలో చేర్చారు. పొగ మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ సహాయం 2016 నుంచి ఉంది. మందు ఉంది, నంబరు ఉంది. క్లోమ రోగి ఇంటికి వెళ్లే ముందు ఈ రెండూ అతని చేతిలో పెట్టాలన్న ఆదేశం కావాలి. పాంక్రియాటైటిస్ కేసు ప్రతిదానిలో పొగ వివరం నమోదు చేయకపోతే, మాన్పించే సలహా ఇచ్చినట్టు రాయకపోతే ఆసుపత్రికి పథకం బిల్లు చెల్లించబోమని ఈ పథకాలు నడిపే రెండు రాష్ట్రాల ట్రస్టులు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, శాసనసభ ఆమోదం అక్కర్లేదు.

ఆ ఉత్తర్వు వచ్చేదాకా వైద్య ఆరోగ్య శాఖలు మే 31న పొగాకు వ్యతిరేక దినం పేరిట పిల్లలను ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞలు చేయించడం ఆపాలి. ఆ ప్రతిజ్ఞ చేయాల్సింది బీడీ పన్ను తగ్గిస్తుంటే జీఎస్టీ మండలిలో కూర్చుని తల ఊపిన మంత్రులు. ఆ పిల్లలు కాదు.