ఏప్రాన్ కట్టిన సామాన్యుడు

2024 అక్టోబర్ 20న ఎన్నికల ప్రచారంలో భాగంగా పెన్సిల్వేనియాలోని ఒక మెక్‌డొనాల్డ్స్‌లో ట్రంప్ గారు ఏప్రాన్ కట్టుకున్నారు. ఆ ఏప్రాన్ నాకు ఇప్పటికీ కళ్లలోంచి పోవడం లేదు. దాని కింద తెల్లచొక్కా, ఎర్ర టై చెక్కుచెదరకుండా ఉన్నాయి. మరిగే నూనె ముందు టై వేలాడేసుకుని నిలబడే వంటవాణ్ని మీరెక్కడైనా చూశారా?

ఆలుగడ్డ ముక్కల బుట్ట నూనెలో ముంచారు, ఎత్తారు, ఉప్పు చల్లారు, అట్టపెట్టెల్లో నింపారు. కిటికీలోంచి కార్లవాళ్లకు పొట్లాలు అందించారు. అందరూ మురిసిపోయారు. ఎందుకు మురిసిపోరు? ఆ రోజు షాపు మూసి ఉంది. వచ్చిన కార్లన్నీ ముందే ఎంచి, తనిఖీ చేసి వరుసలో పెట్టినవే. మా చిన్నప్పుడు ఇసుకలో గుజ్జనగూళ్లు ఆడేవాళ్లం. మాకు సెక్యూరిటీ లేదు, అంతే తేడా.

మన అభ్యర్థులు కూడా ఎన్నికలొస్తే దోసెలు పోస్తారు, ఇస్త్రీ చేస్తారు. పాపం, వాళ్లు నడిబజార్లో పోస్తారు. దోసె మాడితే ఊరంతా చూస్తుంది.

ట్రంప్ గారి రిపబ్లికన్లది ఒకప్పుడు సూటూబూటూ పార్టీ. 1992లో టీవీ వ్యాఖ్యాత బ్యుకానన్ సొంత పార్టీ అధ్యక్షుడు బుష్ మీదే పోటీకి దిగి 'పెద్దోళ్ల మీద జనం తిరుగుబాటు' అన్న రుచి చూపించాడు. 2009లో పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్న టీ పార్టీ ఉద్యమం మంట పెంచింది. 2015లో ట్రంప్ గారు తన పేరున్న టవర్లో ఎస్కలేటర్ మీద దిగొచ్చి వడ్డన మొదలుపెట్టారు. పెద్ద చదువుల పెత్తనం మీద పళ్లు నూరే ఈ పంక్తిలో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్‌ది యేల్ యూనివర్సిటీ, సెనెటర్లు జాష్ హాలీది యేల్, టెడ్ క్రూజ్‌ది హార్వర్డ్. పామరత్వం అంత తేలిగ్గా అబ్బదు, ఫీజు కట్టి నేర్చుకోవాలి.

సరే, నవ్వుకుందాం. కానీ 2025 నవంబర్‌ సంగతి గుర్తొస్తే నవ్వు రాదు. నిధులకు ఆమోదం లేక ప్రభుత్వ పనులు ఆగిన షట్‌డౌన్ మధ్యలో దాదాపు 4.2 కోట్ల మందికి తిండి కొనుక్కోవడానికి ఇచ్చే స్నాప్ సాయం ఆగింది. పూర్తిగా ఇవ్వండని కింది కోర్టు అంటే, ట్రంప్ గారి ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పరిగెత్తి ఆపించుకొచ్చింది! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అంతకు కొన్ని రోజుల ముందే, విందుల హాలు కట్టుకోవడానికి వైట్‌హౌస్ ఈస్ట్ వింగ్‌ను నేలమట్టం చేశారు. సిగ్గుండాలి. ఆ స్నాప్ తీసుకునేవాళ్లు పనిపాటా లేనివాళ్లా? పరిశీలించిన రాష్ట్రాల్లో అలాంటి ఉద్యోగులు ఎక్కువగా ఉన్న కంపెనీల్లో వాల్‌మార్ట్, మెక్‌డొనాల్డ్స్ ముందున్నాయని 2020లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క తేల్చింది. అంటే ఆ ఏప్రాన్ రోజూ కట్టుకునేవాళ్లు.

ఆ రోజు కిటికీ దగ్గరే విలేకరులు అడిగారు, కనీస వేతనం పెంచుతారా అని. ఆయన సూటిగా చెప్పలేదు. వీళ్లు బాగా కష్టపడతారని మాత్రం మెచ్చుకున్నారు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది.