సవరణ: స్పోర్ గేమ్, పైరసీ, బాయ్‌కాట్

"స్పోర్‌ను డబ్బులివ్వకుండా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లూ బాయ్‌కాట్ చేసినట్టే" అని నిన్నటి నా పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాను.

2008 సెప్టెంబరులో ఈఏ అనే గేమ్ కంపెనీ ఆ కంప్యూటర్ గేమ్‌ను, కాపీ కొట్టకుండా అడ్డుకునే సెక్యూరామ్ అనే లాక్‌తో విడుదల చేసింది. కొన్న కాపీని 3 కంప్యూటర్లలోనే యాక్టివేట్ చేసుకునే వీలుండేది. ఈ తిప్పలన్నీ డబ్బు కట్టినవాళ్లకే, పైరసీ కాపీకి ఏ లాకూ లేదు! దీనికి నిరసనగా అమెజాన్‌లో జనం ఒక్క స్టార్ రివ్యూలు కుమ్మరించారు. తర్వాత కంపెనీ పరిమితిని 5కి పెంచింది.

కొనకుండా, ఆడకుండా ఉన్నవాళ్లదే బాయ్‌కాట్. డబ్బులివ్వకుండా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు సరదాగా ఆట ఆడుకుంటూనే, లాక్ ఇంకా బిగించడానికి కంపెనీకి సాకు ఇచ్చారు. డబ్బు కట్టి కొన్నాక, లాక్ బాధ పడలేక క్రాక్ (లాక్‌ను తప్పించే ప్రోగ్రామ్) వేసుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లను నేను తప్పుపట్టను.